ఎడారి ఫొటోలో ఎవరూ లేరేం?

పనికిరాని వస్తువుని ఎవరూ ఫొటో తీయరు. పెళ్ళికూతుర్ని తీస్తారు. అన్నప్రాసననాడు పిల్లవాణ్ణి తీస్తారు. కొత్త కారు కొంటే దానికి బొట్టుపెట్టి, దండవేసి మరీ తీస్తారు. అంతేగాని గోడవారన పోసి ఉన్న ఇసుకకుప్పని తీసేవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు, అమెరికా నైరుతి మూలనున్న ఎడారులకి వెళ్ళేదాకా. అక్కడ ఇసుకనీ, రాళ్ళనీ, ఎండి పెచ్చులు లేచిన ఉప్పునేలనీ ఫొటో తీసుకోవడానికి వేల డాలర్లు పోసి, చీకటితో లేచి, ముక్కాలి స్టాండ్లు భుజాన వేసుకుని బయల్దేరే జనం ఉన్నారు. వాళ్ళకి దారి చూపించడానికి గైడ్లున్నారు. ఏ రాయి మీద ఏ వేళకి ఎండ పడుతుందో ఆ గైడ్లు పంచాంగం చెప్పినట్టు చెబుతారు.

మా ఆడపడుచు కూతురికి ఆ పిచ్చి ఉంది. "అత్తయ్యా, నువ్వూ రా, ఊరికే చూద్దువుగాని" అంటూ నన్ను కూడా లాక్కెళ్ళింది. లాస్ ఏంజిలిస్‌లో వ్యానెక్కితే వారం రోజులు, నాలుగు నేషనల్ పార్కులు: జాషువా ట్రీ, డెత్ వ్యాలీ, జయాన్, గ్రాండ్ కాన్యన్. మొత్తం పదిమందిమి. తొమ్మిదిమంది దగ్గర ఫిరంగుల్లాటి కెమెరాలు, నా దగ్గర ఓ సెల్‌ఫోనూ, చలికి శాలువానూ.

గైడు మంచివాడే. కానీ ఆయన నియమాలు మడికట్టుకున్న బామ్మగారి నియమాల కంటే ఎక్కువ. పొద్దు పొడవకముందు ఒక గంట, పొద్దు వాలేటప్పుడు ఒక గంట, అంతే ఫొటోలు. మిట్టమధ్యాహ్నం కెమెరా సంచి విప్పితే నేరం. అన్నిటికంటే పెద్ద నియమం, ఫొటోలో మనిషి పడకూడదు. డెత్ వ్యాలీలో ఇసుకదిబ్బల దగ్గరైతే కాలిగుర్తులు కూడా పడకూడదని మమ్మల్ని బడిపిల్లల్లా ఒకే వరసలో నడిపించాడు. ఒక దిబ్బమీద నిన్నటివాళ్ళెవరివో అడుగులు కనబడేసరికి అందరూ అయ్యో అని నిట్టూర్చి ఇంకో దిబ్బ వెతుక్కున్నారు. మనిషి పడితే ఏమిటండీ నష్టం అని అడిగాను. "అప్పుడది ఎడారిలా ఉండదు" అన్నాడాయన, ఎంతో సౌమ్యంగా.

ఆ మాట నాకు కొరుకుడు పడలేదు. ఎడారంటే మనిషి లేని చోటని ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? తిరిగొచ్చాక ఆ నాలుగు పార్కుల చరిత్రా కూర్చుని చదివాను. మేం చూసిన వరస వేరు, చరిత్ర నడిచిన వరస వేరు. ఇక్కడ చరిత్ర వరసలోనే చెబుతాను.

అసలా నేల ఎందుకూ పనికిరాదని సర్కారు కాగితం మీదే ఉంది. 1857-58లో అమెరికా సైన్యం జోసెఫ్ ఐవ్స్ అనే లెఫ్టినెంటుని కొలరాడో నది వెంబడి పైకి పంపింది. ఆయన ఆవిరిపడవ దారిలో రాతికి కొట్టుకుంది. దాన్నొదిలేసి నేలమీద ప్రయాణం సాగించి, గ్రాండ్ కాన్యన్ అడుగుదాకా దిగాడు. 1861లో అచ్చయిన రిపోర్టులో, ఈ చోటువల్ల ఎవరికీ ఏ లాభమూ లేదనీ, ఇక్కడికొచ్చిన తెల్లవాళ్ళలో మొదటివాళ్ళం మేమే, నిస్సందేహంగా చివరివాళ్ళమూ మేమేననీ రాసిపెట్టాడు. 2023లో గ్రాండ్ కాన్యన్ చూడ్డానికి 40 లక్షల పైచిలుకు జనం వచ్చారు. జోస్యాలు చెప్పేవాళ్ళు ఐవ్స్ దొరని ఒకసారి తలుచుకోవడం మంచిది.

ఇందులో నాకు నవ్వొచ్చిన సంగతి మరొకటుంది. ఆ లోయలోకి ఐవ్స్‌కి దారెవరు చూపించారు? మొహావీ తెగ పెద్ద ఇరతేబా, ఆ తరవాత హువాలపాయి తెగ మనుషులూను. అంటే ఎవరూ రాని చోటని ఆయన రాసిన చోటు కొందరికి పెరటిదోవ. ఆయన చేసింది కూడా గైడ్ల వెంట యాత్రే. గైడ్ల ఊసు మాత్రం పనికిరాని నేల లెక్కలోకి రాలేదు.

తరవాత కెమెరా వచ్చింది. అమెరికా అంతర్యుద్ధంలో గెటీస్‌బర్గ్ పొలాల్లో పడున్న శవాలని ఫొటోలు తీసిన తిమొతీ ఓసల్లివన్ అనే కుర్రవాడు, యుద్ధం అయిపోయాక 1867లో సర్కారు సర్వే బృందంతో ఎడారుల దారి పట్టాడు. అప్పటి ఫొటో అంటే ఇప్పటిలా నొక్కితే పడేది కాదు. గాజుపలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రావకం పూసి, వెండి కలిసిన రసాయనంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి తీసి, తడి ఆరకముందే చీకట్లో కడగాలి. ఎడారి ఎండలో తడి ఎంతసేపుంటుంది? దుమ్ము రేగితే పలకకి అంటుకుపోతుంది. కడగడానికి నీళ్ళేవి? ఓసల్లివన్ ఒక అంబులెన్సు బండికి కంచరగాడిదల్ని కట్టి, దాన్నే చీకటిగదిగా చేసుకుని తిరిగాడు.

ఆ ఏడాది నెవాడాలోని కార్సన్ ఎడారిలో ఆయన తీసిన ఫొటో ఒకటి ఇవాళ్టికీ ప్రసిద్ధం. చుట్టూ తెల్లటి ఇసుకదిబ్బలు. మధ్యలో ఆ బండి, కంచరగాడిదలు. బండి దగ్గర్నించి కెమెరా నిలబెట్టిన చోటిదాకా ఇసుకలో మనిషి అడుగులు. నేనిక్కడికొచ్చాను, ఇలా నడిచాను, ఇక్కడ నిలబడి చూశాను అని ఆ అడుగులే చెబుతాయి. మా గైడుగారి దృష్టిలో అది పాడైపోయిన ఫొటో. నాకు మాత్రం అంత నిజాయితీ ఉన్న ఎడారి ఫొటో ఇంకొకటి కనబడలేదు. ఓసల్లివన్ క్షయతో 1882లో, నలభై రెండేళ్ళ వయసుకే పోయాడు.

1871లో జాన్ వెస్లీ పవెల్ అనే ఆయన రెండోసారి కొలరాడో నదిలో పడవలు దింపాడు. యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్న మనిషి. పడవ తోయడానికి జాక్ హిల్లర్స్ అనే జర్మనీ కుర్రవాణ్ణి కూలికి పెట్టుకున్నాడు. ఫొటోగ్రాఫర్లు ఒకరి తరవాత ఒకరు మానేశారు. వాళ్ళ పక్కన నిలబడి పని గమనించిన హిల్లర్స్ 1872లో తనే కెమెరా పట్టాడు, పెద్ద ఫొటోగ్రాఫరై కూర్చున్నాడు. ఒక కొండకి ఆయన పేరు కూడా పెట్టారు. ఏకలవ్యుడి విద్యే, వేలు మాత్రం పోలేదు.

హిల్లర్స్ ఆ చుట్టుపక్కల ఉండే పాయూట్ తెగ వాళ్ళని కూడా ఫొటోలు తీశాడు. అయితే వాళ్ళు అప్పటికి కట్టుకుంటున్న బట్టలు తూర్పున పట్నాలవాళ్ళు ఊహించుకున్నట్టు లేవు. అందుకని పవెల్ వేరే తెగవాళ్ళ తోలుబట్టలు తెప్పించి, వాళ్ళకి తొడిగించి తీయించాడు. నాటకాలవాళ్ళకి వేషం కట్టినట్టు. ఫొటో అబద్ధం చెప్పదంటారు గాని, వేషం మాట అడిగితేగదా చెప్పేది?

పేర్లకీ అదే గతి పట్టింది. ఇప్పుడు జయాన్ అంటున్న లోయకి పాయూట్ల మాటని బట్టి పవెల్ ముకుంతువీప్ అని పేరు రాశాడు. 1909లో ఆ పేరుతోనే దాన్ని రక్షిత ప్రాంతం చేశారు. ఆ పేరు నోరు తిరగదు, జనం రారు అని 1918లో జయాన్‌గా మార్చారు, 1919లో నేషనల్ పార్కు చేశారు. మనవాళ్ళకి ముకుంతువీప్ కష్టమా చెప్పండి? ముకుందరావు అన్నంత సులువుగా అనేస్తాం.

అదే 1919లో గ్రాండ్ కాన్యన్ కూడా నేషనల్ పార్కయింది. దానికి చాలా ముందే, 1901లో రైలు ఆ లోయ అంచుదాకా వచ్చింది. రైలు వెనకే యాత్రికులు, యాత్రికుల వెనకే ఫొటోలవాళ్ళు. ఎల్స్‌వర్త్ కోల్బ్, ఎమరీ కోల్బ్ అని ఇద్దరు అన్నదమ్ములు 1904 ప్రాంతంలో అంచుమీదే స్టూడియో కట్టారు. పొద్దున్నే కంచరగాడిదలెక్కి లోయలోకి దిగే జనాన్ని ఫొటో తీసి, సాయంత్రం వాళ్ళు పైకొచ్చేసరికి అచ్చులు చేతికిచ్చి డబ్బు పుచ్చుకోవడం వాళ్ళ వ్యాపారం. తిరునాళ్ళలో మన ఫొటోలవాళ్ళు చేసేదీ ఇదే. ఒక్కటే చిక్కు. అంచుమీద ఫొటో కడగడానికి మంచినీళ్ళు లేవు. నీటి ఊట ఉన్నది నాలుగున్నర మైళ్ళ కింద, మూడువేల అడుగుల లోతున. తమ్ముడు ఎమరీ పలకలు పట్టుకుని అక్కడికి పరుగెత్తి, కడిగి, అచ్చువేసి, మళ్ళీ అంత ఎత్తూ ఎక్కి, గాడిదలకంటే ముందుగా ఇల్లు చేరేవాడు. ఆ కాలిబాటలో పావుమైలు దిగి ఎక్కేసరికే నాకు ప్రాణాలు కళ్ళల్లోకొచ్చాయి. ఆయన తొంభై అయిదేళ్ళు బతికాడంటే ఆశ్చర్యమేముంది!

1911-12 చలికాలంలో అన్నదమ్ములిద్దరూ సినిమా కెమెరాతో నదిలో ప్రయాణం చేశారు. ఆ సినిమాని ఎమరీ 1976లో చనిపోయేదాకా స్టూడియోలో యాత్రికులకి చూపిస్తూనే ఉన్నాడు. ఇదంతా మా గైడు ఎంతో హుషారుగా చెప్పాడు. చెప్పనిది ఒకటుంది. ఆ నీటి ఊట దగ్గర తరతరాలుగా హవసుపాయి కుటుంబాలు పంటలు పండించుకునేవి. 1882లోనే సర్కారు వాళ్ళకి పక్కలోయలో 518 ఎకరాలు కొలిచి, ఇక ఇదే మీ నేల అంది. ఊట దగ్గర మిగిలిన ఆఖరి మనిషిని 1928లో పార్కువాళ్ళు పంపించేశారు. వేలాది ఫొటోలు కడిగిన నీళ్ళు వాళ్ళవి. ఆ ఫొటోల్లో మాత్రం గాడిదలమీద దొరలూ దొరసానులూ ఉన్నారు.

మరి ఫొటో చేసిందంతా అన్యాయమేనా? కాదు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి. జాషువా ట్రీలో తెల్లవారుజామున ఆ చెట్లని చూసినప్పుడు, ఇవి ఇంకా ఇక్కడున్నాయంటే దానికో ఆడమనిషీ, ఆవిడ చంకన పెట్టుకెళ్ళిన ఫొటో ఆల్బమూ కారణం.

ఆవిడ పేరు మినర్వా హోయిట్. 1866లో మిసిసిపీలో పుట్టింది. కాలిఫోర్నియాలో డాక్టరుగారి భార్య, తోటల మీద మోజున్న ఇల్లాలు. పసివాడుగానే కొడుకు పోయాడు, 1918లో భర్త పోయాడు. ఆ దుఃఖంలో ఎడారికి వెళ్ళి, చుక్కల కింద పడుకుని, ఆ నిశ్శబ్దంలోనే ఊరట పొందింది. ఆ రోజుల్లో పట్నంవాళ్ళు కార్లేసుకొచ్చి, ఇంటిముందు షోకుకోసం బ్రహ్మజెముడు జాతి మొక్కల్ని పెకలించుకుపోయేవారు. రాత్రిపూట దారి తెలియడానికని జాషువా చెట్లకి నిప్పు పెట్టేవారు. హోయిట్‌కి ఒళ్ళు మండింది. 1928లో రాళ్ళూ, ఇసుకా, ముళ్ళమొక్కలూ న్యూయార్కు తరలించి పూలప్రదర్శనలో ఎడారిని నిలబెట్టింది. తరవాత బోస్టన్‌లో, లండన్‌లో అదే పని. గులాబీలు చూడ్డానికొచ్చినవాళ్ళు ముళ్ళచెట్ల ముందు గుమిగూడారు.

అంతటితో ఆగలేదు. స్టీఫెన్ విల్లర్డ్ అనే ఫొటోగ్రాఫరు చేత ఎడారి ఫొటోలు తీయించి ఆల్బములు కట్టించింది. వాటిని ప్రెసిడెంటు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్టుకి అందజేసింది. పనికిరాని నేలని పెళ్ళిచూపులకి సింగారించినట్టు చూపించిందన్నమాట. 1936 ఆగస్టు 10న జాషువా ట్రీ రక్షిత ప్రాంతమయింది, 8 లక్షల ఎకరాలకి పైగా. 1950లో గనులకోసం అందులో దాదాపు 2 లక్షల 90 వేల ఎకరాలు కోసేశారు. 1994లో నేషనల్ పార్కు హోదా వచ్చింది. హోయిట్ 1945లోనే పోయింది. ఇంట్లో దుఃఖాన్ని పట్టుకుని కూర్చోకుండా ప్రెసిడెంటు దాకా నడిచిన ఆవిడంటే నాకు గౌరవం.

అయినా ఆవిడ ఆల్బములోనూ ఆ నేలలో కాపురమున్నవాళ్ళకి చోటు లేదు. పార్కు ఉత్తరపు అంచున మారా అనే ఒయాసిస్సుంది. సెరానో తెగవాళ్ళు ఒక కథ చెబుతారు. మగపిల్లలు కావాలంటే అక్కడికి వెళ్ళి ఉండమని వాళ్ళ వైద్యుడు చెప్పాడట. వెళ్ళిన ఏడాదిలోనే ఇరవైతొమ్మిదిమంది మగపిల్లలు పుట్టారట. పుట్టిన ఒక్కో పిల్లాడి పేరా ఒక్కో తాటిచెట్టు నాటారట. పక్క ఊరి పేరు ఇప్పటికీ 'ట్వంటీనైన్ పామ్స్', అంటే ఇరవైతొమ్మిది తాళ్ళు. పిల్లాడు పుడితే చెట్టు నాటే ఊరిని మనం ఎడారి అంటామా?

ఇక డెత్ వ్యాలీ. సముద్రమట్టానికి 282 అడుగుల దిగువన ఉప్పునేల. 1913 జులై 10న ఫర్నెస్ క్రీక్‌లో 134 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి నమోదైంది. 1849లో బంగారంకోసం బయల్దేరి, తోవ తప్పి, నానా యాతనలూ పడి బయటపడ్డ బళ్ళవాళ్ళు దానికి మృత్యులోయ అని పేరు పెట్టారు. దాన్ని అందంగా చూపించింది మళ్ళీ ఫొటోగ్రాఫర్లే. 1937లో ఎడ్వర్డ్ వెస్టన్ వచ్చాడు. ఆయనకి కారు నడపడం రాదు. నడిపింది, ప్రయాణం కథంతా రాసింది చారిస్ విల్సన్ అనే ఆవిడ. ఆ తరవాత ఆన్సెల్ ఆడమ్స్ కారు పైకప్పుమీద కట్టించుకున్న అరుగుమీదే పడుకుని, తొలివెలుగులో దిబ్బల్ని తీశాడు. ఒక పక్క తెలుపు, ఒక పక్క నలుపు, మధ్యలో కత్తివాదరలాటి గీత. మాతో వచ్చిన తొమ్మిదిమందీ వెతుక్కున్నది ఆ గీతనే.

అదే లోయలో తింబిషా షోషోనీలు ఉన్నారు. ఎండాకాలం కొండలెక్కి చల్లగా ఉండేవారు, చలికాలం లోయలోకి దిగేవారు. ముళ్ళచెట్ల కాయలు దంచుకునీ, కొండమీద పైన్ గింజలు ఏరుకునీ బతికేవారు. 1933లో లోయ రక్షిత ప్రాంతమయ్యాక, ఫర్నెస్ క్రీక్ దగ్గర ఒక నలభై ఎకరాల్లో వాళ్ళకి మట్టిఇటుకల ఇళ్ళు కట్టించారు. కొన్నేళ్ళకి ఆ ఇళ్ళే కంట్లో నలుసులయ్యాయి. వేసవికి కొండలమీదికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేలోగా, మనుషుల్లేని ఇళ్ళని పార్కు సిబ్బంది నీళ్ళగొట్టాలతో కొట్టి కరిగించేవారు. ఎడారిలో! గుక్కెడు నీళ్ళకి మనుషులు కొట్టుకుచచ్చిన లోయలో నీళ్ళు ఇళ్ళు కూల్చడానికి పనికొచ్చాయి. ఫొటోలోంచి మనిషిని తీసేయడం అంటే ఏమిటో ఆ వాక్యం చదివాక నాకర్థమైంది.

కొందరు కదల్లేదు. పాలిన్ ఎస్తెవెస్ అనే ఆవిడ ముందు నిలబడి ఏళ్ళతరబడి పోట్లాడింది. మేం పుట్టి పెరిగిన చోటికి చావు పేరేమిటని వాళ్ళ బాధ. తింబిషా అంటే అక్కడ దొరికే, ఒంటికి పూసుకునే ఎర్రరాతి రంగు. 1983లో సర్కారు వాళ్ళని తెగగా గుర్తించింది. 1994లో ఆ లోయ నేషనల్ పార్కయింది. 2000లో వచ్చిన చట్టంతో 7,754 ఎకరాలు వాళ్ళ చేతికొచ్చాయి. అందులో 314 ఎకరాలు ఫర్నెస్ క్రీక్‌లోనే, పార్కు నడిబొడ్డున. హవసుపాయిలకి కూడా 1975 చట్టం 1,85,000 ఎకరాలు తిరిగిచ్చింది. పార్కులూ మిగిలాయి, మనుషులూ మిగిలారు. రెండింటికీ చోటుందన్నమాట.

ఫొటో గెలిచిన కథలు చెప్పాను గనక, ఓడిపోయిన కథ ఒకటి చెప్పడం ధర్మం. గ్రాండ్ కాన్యన్‌కి ఎగువన గ్లెన్ కాన్యన్ అనే లోయ ఉండేది. దానికి ఆనకట్ట కడుతుంటే ఎలియట్ పోర్టర్ అనే ఆయన రంగుల ఫొటోలు తీసి పుస్తకం వేశాడు. పుస్తకం వచ్చిన 1963లోనే ఆనకట్ట తలుపులు మూశారు. లోయ నీళ్ళపాలైంది. ఎవరికీ తెలియని చోటని ఆ పుస్తకం పేరు. లోయ పోయిందన్న దుఃఖం నిజం. కానీ 'ఎవరికీ' అన్న మాట దగ్గర నాకు మళ్ళీ ఇరతేబా గుర్తొచ్చాడు. ఆ రాళ్ళమీద పాతకాలంవాళ్ళు చెక్కిన బొమ్మలుండేవి. తెలియనిది మనకి.

ఇంతా చెప్పి, మనుషుల్లేని ఫొటో తీయొద్దని నేననడం లేదు. ఆ దిబ్బలమీద తొలి వెలుగు పడ్డప్పుడు నాకూ నోట మాట రాలేదు. ఆ ఒక్క క్షణం మనిషి అలికిడి లేకపోవడమే బావుంది. ఆ అందాన్ని చూపించబట్టే ఆ నేల గనులపాలూ, కార్లపాలూ కాకుండా ఇంతవరకు దక్కింది. కానీ మన ఇళ్ళల్లో పాత ఫొటోల వెనక ఆడవాళ్ళు పేర్లు రాసిపెట్టే అలవాటుంది. ఎవరి పెళ్ళి, ఏ ఊరు, పక్కన సగం కోసుకుపోయిన చెయ్యి ఏ పిన్నిది అని. ఎడారి ఫొటోల వెనక కూడా ఎవరో ఒకరు అది రాయాలి. 2022లో గ్రాండ్ కాన్యన్‌లో ఆ నీటి ఊట చోటికి అప్పటిదాకా ఉన్న 'ఇండియన్ గార్డెన్' అన్న పేరు తీసేసి, 'హవసుపాయి గార్డెన్స్' అని పెట్టారు. ఫొటో మారలేదు, వెనక రాత మారింది.

మా పిల్ల తను తీసిన దిబ్బల ఫొటోని పెద్దది చేయించి హాల్లో పెట్టుకుంది. కింద 'డెత్ వ్యాలీ' అని చక్కగా అచ్చువేయించింది. నేను చెబితే ఆ పక్కనే పెన్నుతో 'తింబిషా షోషోనీల ఊరు' అని చేర్చింది. చోటు చాలక రెండో వరసలోకి వచ్చింది, అక్షరాలు కాస్త వంకరగా ఉన్నాయి. చూడ్డానికొచ్చినవాళ్ళు మొదట ఆ వంకర అక్షరాలేమిటని అడుగుతున్నారట.